సంతకాల కృష్ణమ్మ

ఫిబ్రవరి 3, సోమవారం

కృష్ణమ్మ పోయి ఈరోజుకు ఏడు రోజులు.

పొద్దున సురేష్ ఫోన్ చేశాడు. పలకల కార్మికుల సంఘానికి ఇప్పుడు కార్యదర్శి అతనే. పదహారో తేదీ ఆదివారం గానుగదిన్నె బడి ఆవరణలో సంస్మరణ సభట. "మెయిన్ స్పీచ్ మీదే మేడం. చిన్న పుస్తకం కూడా ఏస్తాండాం. మీ ఇద్దరి స్నేహం గురించి నాలుగు పేజీలు రాసియ్యండి. యాభై ఏండ్ల స్నేహమంటే మాటలా!"

"యాభై నాలుగు" అని దిద్దాను. మనిషి పోయిన ఏడో రోజున కూడా నాకు దిద్దడమే ముఖ్యం.

రేపటికి ఇచ్చేస్తానన్నాను. కాగితాల కోసం వెతుకుతుంటే బీరువాలో ఈ డైరీ దొరికింది, ఎవరో కొత్త సంవత్సరానికి ఇచ్చింది. ముప్ఫై ఏడేళ్లు పిల్లల చేత రోజూ కాపీ రాయించినదాన్ని, నాకోసం ఎప్పుడూ ఒక్క పేజీ రాసుకోలేదు. జనవరి అంతా తెల్లగా ఉంది. జనవరిలో కృష్ణమ్మ ఆసుపత్రిలో ఉంది, నేను పక్కన కూర్చుని ఉన్నాను.

ఫిబ్రవరి 4

"ఉద్యమమే ఊపిరిగా బతికిన ధీరవనిత కృష్ణమ్మ" అని మొదలుపెట్టాను. ఊపిరాడక చచ్చిపోయిన మనిషి గురించి ఊపిరి అని రాశాను. కొట్టేశాను. ధీరవనిత అన్న మాట ఆమె వింటే, "ఎవురు వదినె ఆమె? మన ఊరి మనిషేనా?" అని అడిగేది.

మాకు వరసలేమీ లేవు. మాది సేద్యం, వాళ్లది గొర్రెలు. మూడో తరగతిలో పక్కపక్కన కూర్చున్న రోజు నుంచి నేనామెకు వదినె, ఆమె నాకు వదినె. ఇద్దరూ వదినెలైతే మరదలెవరని మా నాయన ఆటపట్టించేవాడు.

ఆ ఏడాదే వాళ్ల నాయన యల్లయ్య ఆమెను బడి మాన్పించి గొర్రెపిల్లల వెంట తోలాడు. బడి వదిలే వేళకు కృష్ణమ్మ మందను మా చేను దారికి మళ్లించి గట్టు మీద కాచుకుని ఉండేది. "ఈపొద్దు ఏం చెప్పినారు?" అని అడిగేది. పలకల ఫ్యాక్టరీ వాళ్లు పారేసిన ముక్కలకు మా వైపు ఏం కొదవ? ఆ ముక్కల మీద నేను రాసి చూపిస్తే ఆమె దిద్దేది. గొర్రెలు చేలో పడితే తిట్లు మాత్రం నాకు పడేవి. నేను చెప్పిన మొదటి క్లాసు అదే.

ఇది బాగుంది. ఇది పుస్తకంలో పెట్టొచ్చు.

ఫిబ్రవరి 6

రెండు పేజీలయ్యాయి. సారా దుకాణం మూయించిన సంగతి రాశాను. ఫ్లోరైడు నీళ్ల సీసా తీసుకెళ్లి ఆఫీసరు బల్ల మీద పెట్టి, "ఒక్క గుక్క తాగి చూడు నాయనా" అని కృష్ణమ్మ అన్న సంగతి రాశాను. ఆమె మాట్లాడేది, నేను అర్జీ రాసేదాన్ని. కృష్ణమ్మ నోరు, శ్యామల చెయ్యి అనేవాళ్లు ఊళ్లో.

సాయంత్రం బడి గురించి రాశాను. షెడ్లో పలకలు రుద్ది వచ్చిన ఆడవాళ్లను కృష్ణమ్మ ఇంటింటికీ తిరిగి పిలుచుకొచ్చేది, నేను అ ఆలు దిద్దించేదాన్ని. 1995లో మా ఊరి మొదట్లో బోర్డు పెట్టారు. "వేలిముద్ర లేని ఊరు – గానుగదిన్నె". నాకు శాలువా కప్పారు. అక్కడిదాకా రాసి ఆపాను.

1997 గురించి రాయనక్కర్లేదు. పుస్తకం స్నేహం గురించి.

ఫిబ్రవరి 7, శుక్రవారం

పదకొండో రోజు దినానికి వెళ్లాను. మార్కాపురంలో బస్సు, తర్లుపాడులో ఆటో. మా ఆయన రానన్నాడు, మోకాళ్లట.

ఆ బోర్డు ఇప్పుడు ఊరి మొదట్లో లేదు. మేకల దొడ్డికి తడికెలాగా కట్టుకున్నారు ఎవరో. "వేలిముద్ర లేని" వరకు కనిపిస్తోంది, మిగతాది మేకలు ఒరుసుకుని పోయింది. దాని ముందు ఆటో దిగాల్సి వచ్చింది.

వడ్డిస్తున్న ఇద్దరాడవాళ్లు నా వెనకే మాట్లాడుకున్నారు. "సంతకాల కృష్ణమ్మ దినానికి ఇంతమంది వస్తారనుకోలే!" చెడ్డగా ఏమీ అనలేదు. ఆ ఊళ్లో కృష్ణమ్మ పేరే అది. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే.

మల్లి వచ్చింది. కృష్ణమ్మ తోడబుట్టిన అక్క. నాలుగిళ్ల అవతలే ఉంటుంది. చెల్లెలితో ఇరవై ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. ఫొటో దగ్గరికి రాలేదు, పందిరి గుంజ పట్టుకుని కాసేపు నిలబడి, తినకుండా వెళ్లిపోయింది.

పావని నన్ను వంటింట్లోకి పిలిచింది. కృష్ణమ్మకు ఒక్కతే కూతురు. కనిగిరిలో నర్సు. కళ్లు వాచి ఉన్నాయి. 

"అత్తా, ఒక మాట. మీటింగులో ఆ సంతకాల సంగతి ఎత్తొద్దు. అమ్మ చేసింది తప్పే, కాదన్లే. తొందరపడి దొంగ సంతకాలు పెట్టింది, దాంతో ఊరికి డాక్టర్లు రాకుండా పోయినారు. ఎంత చేసినా జనం అదొక్కటే గుర్తు పెట్టుకున్నారు. నువ్వు మాత్రం మంచివి చెప్పు అత్తా."

"ఎత్తను లేమ్మా" అన్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఫిబ్రవరి 8

ఎత్తను లేమ్మా అన్నాను. ఎంత దయగా అన్నానో!

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆ జబ్బుకు మందు లేదు. పలక రాయి దుమ్ము ఒకసారి ఊపిరితిత్తుల్లో దిగితే ఏ డాక్టరూ తీయలేడు. ఇది నేను చెప్పడం కాదు, డాక్టర్లే చెప్పారు. అప్పుడు ఎక్స్‌రేలు తీసినా ఏమయ్యేది? ఎవరికి రాసిపెట్టి ఉన్నది వాళ్లకు జరిగింది.

ఎక్స్‌రే తీసి ఉంటే వెంకటసుబ్బయ్య కోత మిషను దగ్గర పని మానేసేవాడు. కృష్ణమ్మ మొగుడు. రెండేళ్ల ముందే మానేసి గొర్రెల వెంట పోయేవాడు. ఇంకో పదేళ్లు బతికేవాడేమో. ఏమో.

మల్లి మొగుడు కూడా.

ఫిబ్రవరి 10

సురేష్‌కు నాలుగు పేజీలు పంపించాను. 1995 బోర్డు నుంచి ఒక్క దూకులో 2003 తాగునీటి ట్యాంకుకు వచ్చేశాను. "అద్భుతం మేడం, ప్రెస్సుకిచ్చేస్తాండా" అని మెసేజ్ పెట్టాడు, దణ్ణం పెట్టే బొమ్మలు మూడు.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఇది ఎవరూ చదవరు. అయినా చెయ్యి వెళ్లడం లేదు. పిల్లలకైతే చెప్పేదాన్ని, ముందు తేదీ వేసి, ఒక వాక్యం రాయి, తర్వాత ఇంకోటి రాయి అని.

ఆ సంతకాలు నేను పెట్టాను.

1997 జూన్. షెడ్లలో పనిచేసేవాళ్లు దగ్గి దగ్గి ఎండిపోతున్నారు. ఒంగోలు నుంచి డాక్టర్లను పంపి అందరికీ ఎక్స్‌రే తీయించాలని అర్జీ పెట్టుకున్నాం. పనిచేసే ప్రతి మనిషి పేరూ, సంతకమూ ఉండాలన్నారు. అరవై ఒక్క మంది. అర్జీ నేను రాశాను, ఇంటింటికీ తిప్పే పని కృష్ణమ్మది. అది సగంలో ఉండగా ఆమె తమ్ముడు కోటి భార్యకు కాన్పు వచ్చింది, పెద్దారవీడులో. మల్లికి జ్వరంగా ఉండి చెల్లెల్ని పంపింది. బస్సెక్కుతూ కృష్ణమ్మ నా చేతిలో కాగితాలు పెట్టి, "సంతకం రానోళ్ల చేత ఏలిముద్రలు ఏపిచ్చు వదినె. మంది తగ్గగూడదు" అంది.

సంతకం రానివాళ్లు పంతొమ్మిది మంది. అందరూ పెద్దవాళ్లు. రెండేళ్ల కిందట బోర్డు కోసం రిపోర్టు రాసినప్పుడు ఆ పంతొమ్మిది మందినీ వచ్చినట్టే కలిపేశాను. ఇవాళ కాకపోతే రేపు నేర్చుకుంటారులే అనుకున్నాను. వాళ్లు నేర్చుకోలేదు. షెడ్లో పదిగంటలు పనిచేసి వచ్చి బలపం పట్టుకునేసరికి నిద్రపోయేవాళ్లు. ఇప్పుడు వేలిముద్ర లేని ఊరి నుంచి పంతొమ్మిది వేలిముద్రలు ఒంగోలు వెళితే? శాలువా కప్పిన వాళ్లే చూస్తే?

మధ్యాహ్నం బడి వదిలాక ఇంకు ప్యాడు తెరిచాను. మూసేశాను. 

బల్ల ముందు కూర్చుని పంతొమ్మిది సంతకాలు పెట్టాను. కొన్ని ఎడమచేత్తో పెట్టాను. కొన్ని వణికించాను, ముసలమ్మ చెయ్యి కదా అని. ఒక్కో పేరుకు ఒక్కో వాలు. అయిపోయాక కాగితం దూరంగా పట్టుకుని చూసుకున్నాను. ఎంత బాగా కుదిరాయో అనుకున్నాను. అది రాయకుండా వదిలేద్దామనుకున్నాను, కానీ అనుకున్నాను కదా.

కృష్ణమ్మ తిరిగొచ్చి, కాగితాలు చూసి, "అబ్బ, అందరివీ అయినాయా!" అని మురిసిపోయి తనే తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చింది. సంఘానికి ప్రెసిడెంటు ఆమే.

నెల తర్వాత విచారణకు ఆఫీసరు వచ్చాడు. బడి వరండాలో కుర్చీ వేశాం. జాబితా చూసి పేర్లు పిలిచాడు. మూడో పేరు మల్లిది. పెన్ను ఇచ్చి, ఇందులో ఉన్నట్టే ఒక సంతకం పెట్టమ్మా అన్నాడు.

"నాకు రాదు సార్" అంది మల్లి. "నేనెప్పుడు పెట్టినా?"

ఇంకో నలుగుర్ని పిలిచాడు. వాళ్లకూ రాదు. అతను గోడకు ఉన్న నా శాలువా ఫొటో చూసి, "టీచరమ్మ ఇంత కష్టపడి నేర్పిస్తే మర్చిపోయారా?" అని ఆ ముసలివాళ్లను కసిరాడు. నా మీద జాలిపడ్డాడు. తర్వాత కాగితం ఎత్తి చూపించి, "ఎవరు పెట్టారివి?" అని అడిగాడు.

నా చేతిలో హాజరు పట్టీ ఉంది. దాన్ని తెరిచి చూస్తూ నిలబడ్డాను. ఆ పేజీలో ఏ పిల్లల పేర్లున్నాయో ఇప్పటికీ చెప్పగలను.

కృష్ణమ్మ నా వైపు చూసింది. అప్పటిదాకా ఆమెకు తెలియదు. చూశాక తెలిసింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"నేనే సార్. ప్రెసిడెంటును నేనే, నేనే పెట్టినా."

ఆఫీసరు అర్జీని అడ్డంగా కొట్టేసి వెళ్లిపోయాడు. డాక్టర్లు మళ్లీ నాలుగేళ్లకు వచ్చారు. అప్పటికి ఆ అరవై ఒక్క మందిలో ఏడుగురు లేరు. వెంకటసుబ్బయ్య లేడు. మల్లి మొగుడు లేడు. "దాని మొగుడు పోయినాడు, నా మొగుడు పోయినాడు, రెండూ దాని చేతల వల్లనే" అని మల్లి బజారులో నిలబడి అరిచింది. నేను పక్కనే నీళ్ల పంపు దగ్గర ఉన్నాను. బిందె నిండిపోయి పారుతోంది.

ఫిబ్రవరి 12

ఇంకొకటి ఉంది.

విచారణ మర్నాడు కృష్ణమ్మను మార్కాపురం పిలిపించి స్టేట్‌మెంటు రాయించుకున్నారు. నేను తోడు వెళ్లాను. తోడు! తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. తర్లుపాడు దగ్గరికొచ్చాక, ఎందుకట్ల చెప్పినావు వదినె అని అడిగాను.

"ఏం చెయ్యమంటావు? నీ ఉద్యోగం పోతే మన బడికి ఇంకొకరు వస్తారా? నాకేం పోతాది, పేరు. పేరేముంది వదినె, మళ్ల తెచ్చుకోవచ్చు. నువ్వే నిదానంగా తెచ్చిపెడుదువులే."

తప్పకుండా అన్నాను. ఆమె కొంగులోంచి బొరుగులు తీసి నాకు సగం పెట్టింది. తిన్నాను.

ఆమె మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నాకు ఉత్తమ ఉపాధ్యాయురాలి అవార్డు వచ్చినప్పుడు ఒంగోలు వచ్చి ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. రెండేళ్ల కిందట రిటైరైన రోజు బడికి వచ్చి, దండ వేసి, చెవిలో "ఇంగ నీకు ఏ బయమూ లేదు కదా వదినె" అంది. రిటైరయ్యాక ఊసుపోదని భయపడుతున్నాననుకుని అన్నట్టు నవ్వాను. ఆమె ఏమడిగిందో నాకు తెలుసు.

ఫిబ్రవరి 13, గురువారం

మా ఆయనకు చెప్పాను. ముప్ఫై తొమ్మిదేళ్ల కాపురంలో ఆయనకు ఇది తెలియదు. పేపరు మడతపెట్టి పక్కన పెట్టాడు.

"ఇప్పుడు చెప్తే ఎవరికి లాభం?" అన్నాడు. "కృష్ణమ్మ లేదాయె. ఆ పిల్లే ఎత్తొద్దంటాంది. రేపు ఎవడో ఒక అర్జీ పెడతాడు, నీ అవార్డు వెనక్కియ్యమంటారు. ఊరుకో శ్యామలా."

ఆయన అన్న ప్రతి మాటా నాకు ఎంత హాయిగా ఉందో! పావని వద్దంది, ఆ పిల్ల మాట కాదనకూడదు కదా అనుకుంటూ అన్నం కూడా బాగా తిన్నాను. చెయ్యి కడుక్కుంటుంటే సిగ్గేసింది. తల్లి తప్పు చేసిందని నమ్మిన కూతురు నా చెయ్యి కళ్లకద్దుకుంది, దాన్ని నేను అనుమతి పత్రంలాగా దాచుకున్నాను.

ఫిబ్రవరి 15, శనివారం

రేపే సభ. ఇది కూడా రాసేస్తాను, ఇదొక్కటీ మిగిలింది.

జనవరి ఇరవై ఆరు మధ్యాహ్నం. ఆసుపత్రిలో పావని మందులకు కిందికి వెళ్లింది. కృష్ణమ్మ ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపింది. వద్దన్నా వినలేదు.

"మా అక్క వచ్చిందా?"

"వస్తుందిలే."

"చెప్పినావా?"

ఏం చెప్పాలి అని అడిగాను. తెలియనట్టు. రెండు రోజుల్లో పోయే మనిషి ముందు, మొహంలో మొహం పెట్టి, ఏం చెప్పాలి వదినె అని అడిగాను.

కృష్ణమ్మ నన్ను కాసేపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. "ఏం లేదు లే" అని మాస్కు తనే సర్దుకుంది.

యాభై నాలుగేళ్లలో ఆమె నన్ను అడిగింది ఆ ఒక్కటే.

ఫిబ్రవరి 17, సోమవారం

నిన్నటిది నిన్న రాయలేకపోయాను.

రెండు వందల మంది దాకా వచ్చారు. బడి ముందు షామియానా, కృష్ణమ్మ ఫొటో, పక్కన బల్ల మీద సంతాప పుస్తకం. సురేష్ నా నాలుగు పేజీలు అచ్చేసిన చిన్న పుస్తకం అందరికీ పంచుతున్నాడు. నా పేరు అట్ట మీదే ఉంది. పావని ముందు వరసలో కూర్చుంది. మల్లి వస్తుందనుకోలేదు. వచ్చి చివర వేపచెట్టు మొదట్లో కూర్చుంది.

మైకు ముందుకు వెళ్లి, మీ చేతుల్లో ఉన్న పుస్తకంలో అబద్ధముందని మొదలుపెట్టాను. 1997లో దొంగ సంతకాలు పెట్టింది కృష్ణమ్మ కాదు, నేను అన్నాను. నా బోర్డు కోసం, నా శాలువా కోసం పెట్టాను, ఆమె నా ఉద్యోగం కోసం తన మీద వేసుకుంది అన్నాను. ఇవే మాటలు. ఇంకా పెద్దగా ఏవో సిద్ధం చేసుకున్నాను గానీ రాలేదు.

తర్వాత జరిగింది మాత్రం నేను అనుకోనిది. సురేష్ మైకు దగ్గరికి వచ్చి నా భుజం పట్టుకుని, "చూసినారా! ఫ్రెండు పేరు నిలబెట్టేదానికి తప్పు తన మీద ఏసుకుంటాండారు మా మేడం. ఇదీ స్నేహమంటే!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. పావని కూడా నన్ను చూసి, వద్దన్నా వినలేదే అన్నట్టు తడి కళ్లతో నవ్వింది.

దేవుడా! నిజం చెప్పినా నాకు శాలువానే.

అక్కడే దిగిపోయి ఉంటే అంతటితో అయిపోయేది. చెప్పాను కూడా, నమ్మకపోతే నేనేం చెయ్యను అని ఇంటికొచ్చి ఇదే డైరీలో రాసుకునేదాన్ని. ఒక్క మెట్టు దిగాను కూడా. కృష్ణమ్మ ఫొటో ఆ మెట్టు పక్కనే పెట్టారు.

తిరిగి మైకు అందుకున్నాను. "చప్పట్లు కొట్టొద్దు" అన్నాను, పిల్లల్ని కసిరినట్టే. "మల్లక్కా, నిన్నే అడుగుతున్నా. కోటి పెద్ద కూతురు పుట్టినప్పుడు పెద్దారవీడు ఎవరు పోయినారు?"

అందరూ వెనక్కి తిరిగారు. మల్లి, "కృష్ణమ్మ పోయింది" అంది. చెల్లెలి పేరు ఆమె నోట అన్నేళ్లకు విన్నాను.

"ఎన్ని రోజులుంది?"

"నాలుగు దినాలు. నాకు జరం. నేనే పంపించినా."

"ఆ నాలుగు రోజుల్లోనే ఆ సంతకాలు పెట్టినా అక్కా. నీ పేరు ఎడంచేత్తో పెట్టినా. కాగితాలు నా దగ్గర పెట్టి, ఏలిముద్రలు ఏపిచ్చమని చెప్పి బస్సెక్కింది నీ చెల్లెలు."

చప్పట్లు కొట్టినవాళ్లు ఒళ్లో చేతులు పెట్టుకున్నారు. సురేష్ నా భుజం మీది చెయ్యి తీసేశాడు. మల్లి వేపచెట్టు పట్టుకుని లేచింది.

"ఇరవై ఎనిమిదేండ్లు" అంది. గట్టిగా అనలేదు. "పండక్కి అది పంపిన గిన్నె తిప్పి పంపించినా. దాని మొగుడు పోతే పోలే. మొన్న ఆసుపత్రికి పోలే. నాలుగిళ్లు, టీచరమ్మా. నాలుగిళ్ల అవతలే ఉన్నింది నా చెల్లెలు."



సభ అట్లా అట్లా ముగిసింది. అందరూ వరసలో వచ్చి సంతాప పుస్తకంలో సంతకాలు పెడుతున్నారు. నేను ఆ బల్ల దగ్గరే ఉండిపోయాను, ఎటు వెళ్లాలో తెలియక. మల్లి వంతు వచ్చింది. పుస్తకం వైపు చూసి ఆగింది. ముప్ఫై ఏడేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే వెళ్లింది. పెన్ను తీసుకుని పేజీ నా వైపు తిప్పుకున్నాను, ఆమె పేరు రాద్దామని.

మల్లి నా మణికట్టు పట్టుకుంది.

"నా పేరు నువ్వు రాయొద్దు."

పెన్ను అక్కడ పెట్టేశాను.

"ఏలిముద్ర ఏస్తా. ఇంకు యాడుంది?"

బడి బీరువాలోంచి ప్యాడు తెచ్చారు. మల్లి బొటనవేలు అద్ది, చెల్లెలి ఫొటో వైపు ఒకసారి చూసి, నొక్కింది. నల్లటి మచ్చ పడింది, లోపల ఒక్క గీత లేదు. పలకలు రుద్ది రుద్ది అరిగిపోయిన వేలు అది. పక్కన పేరు రాయమని పావనిని పిలిచింది. పావని వచ్చి రాసింది. "మల్లి, కృష్ణమ్మ అక్క" అని రాసింది. నన్ను చూడలేదు.

ఆటో ఎక్కి కూర్చున్నాక పావని పరుగెత్తుకుంటూ వచ్చింది. ఏదో అంటుందని ప్రాణం లేచొచ్చింది. తిట్టినా చాలనుకున్నాను.

"మీ బ్యాగు మర్చిపోయినారు, టీచర్ గారూ" అంది.

పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల నన్ను అత్తా అని తప్ప పిలవలేదు.

ఫిబ్రవరి 20

ఎవరూ ఫోన్ చేయలేదు. గోడకు ఉన్న అవార్డు ఫొటో దించాను. దించి, దాని వెనక గోడ తెల్లగా కనబడుతుంటే క్యాలెండరు తగిలించాను.

ఫిబ్రవరి 24

పావనికి ఉత్తరం రాశాను. చించేశాను. క్షమించమని అడగడం కూడా ఏదో ఒకటి పుచ్చుకోవడమే అనిపించింది.

మార్చి 3, సోమవారం

మార్కాపురం మార్కెట్టుకు వెళ్లాను. గానుగదిన్నె నుంచి వచ్చిన ఇద్దరు గోనెపట్టాలు పరుచుకుని కూరగాయలు అమ్ముతున్నారు. ఇద్దర్నీ నేనే చదివించాను, పేర్లు గుర్తు రాలేదు. వాళ్లు నన్ను చూడలేదు. టమోటాలు ఏరుకుంటూ పక్కనే ఉన్నాను.

"పావని ఇల్లు సర్దేసి కనిగిరి పోయిందంట కదా?"

"ఏ పావని?"

"మల్లి చెల్లెలు కృష్ణమ్మ లేదూ, ఆమె కూతురు. మల్లి కూడా ఎంటబోయిందంట, పది దినాలు ఉండొస్తానని."

మల్లి చెల్లెలు కృష్ణమ్మ. అంతే అంది. ముందు ఇంకేమీ తగిలించలేదు. నా చేతిలో టమోటాలు అట్లాగే పట్టుకుని ఇంకోసారి అంటుందేమోనని చూశాను.

అప్పుడు రెండో ఆమె నన్ను చూసి, పక్కామెను మోచేత్తో పొడిచి, చిన్నగానే అంది.

"ఉష్, ఆడ నిలబడుండేది ఎవరో చూడు. సంతకాల టీచరమ్మ."

వాళ్ల వైపు తిరిగి, పిలిచారా అన్నాను.